స్కార్ఫుల కాలం అయిపోయాక

బెంచీల మీదికి ఎక్కిన 'ఏ' సెక్షన్ వాళ్లు ఇంకా దిగలేదు, వాళ్ల తర్వాత మేమే, బీ సెక్షన్, పదో తరగతి గ్రూపు ఫొటో, వరండాలో గోడవారగా కూర్చోమన్నారు, కూర్చున్నాం. నా ఒళ్లో బ్యాగు, బ్యాగులో అట్టపెట్టె, పెట్టెలో అమ్మ సర్దిన విగ్గు, నా తలమీద నీలం స్కార్ఫు, స్కార్ఫు కింద ఏమీ లేదు. నిన్న సాయంత్రం వరకూ అక్కడో కుచ్చు ఇక్కడో కుచ్చు ఉండేది, ఇప్పుడు అవీ లేవు, మెడ వెనక కొత్తగా చల్లగా తగులుతోంది, వేలితో తడుముకోవాలనిపిస్తోంది, తడుముకోను. ఈ గంటలో నేను ఒక పని చెయ్యాలి. చేస్తాను. చేస్తానని నిన్ననే అనుకున్నాను కాబట్టి మళ్లీ అనుకోవలసిన అవసరం లేదు, అయినా మళ్లీ మళ్లీ అనుకుంటున్నాను. నా చుట్టూ అమ్మాయిలంతా ఒకే ఒక్క చేతి అద్దం కోసం కొట్టుకుంటున్నారు, అది చేతులు మారుతూ గోడ పొడవునా ప్రయాణం చేస్తోంది, ఎవరి దగ్గరికి వెళితే వాళ్లు కనుబొమ్మల మీదికి కత్తిరించుకున్న ముందు జుట్టును దువ్వుకుంటున్నారు, ఫ్రింజ్ అంటారు దాన్ని, ఈ నెలలో అది లేని అమ్మాయి మా క్లాసులో నేనొక్కదాన్నే. ఒకమ్మాయి సీసాలో నీళ్లు అరచేతిలో పోసుకుని ఆ జుట్టును నుదుటికి అతికిస్తోంది, ఆరగానే అది మళ్లీ పైకి లేస్తోంది, పాపం. అబ్బాయిలకు ఇది రంగు సాక్సుల కాలం, ప్యాంటు చీలమండ పైకి మడిచి ఒక కాలికి పసుపుది, ఒక కాలికి ఆకుపచ్చది, ఇద్దరు స్నేహితులు జతలు విడదీసి పంచుకున్నారట, డ్రిల్లు మాస్టారు వచ్చి దించమంటే దించుతున్నారు, ఆయన వెనక్కి తిరగగానే మడుస్తున్నారు.

మా బడిలో ఏ మోజుకైనా మొదలు ఎవరో ఎవరికీ తెలియదు, జలుబు లాగా వస్తుంది, అందరికీ అంటుకుంటుంది, పోతుంది. ఆరో తరగతిలో రబ్బర్లు చెక్కి ముద్రలు చేసుకోవడం, ఎవరి పుస్తకం చూసినా మొదటి పేజీ నిండా వంకర సింహాలు. ఏడులో వేళ్ల మీద పెన్ను తిప్పడం, పాఠం జరుగుతున్నంతసేపూ పెన్నులు నేల మీద పడుతున్న టకటక, సైన్సు టీచరు ఒకరోజు విసిగిపోయి అందరినీ పెన్సిళ్లతో రాయమంది. ఆ తర్వాత రంగుల క్యూబు, ఆ తర్వాత బూట్లకు ఒకటి తెల్ల లేసు, ఒకటి ఎర్ర లేసు. నేను అన్నింట్లోకీ ఆఖరున చేరేదాన్ని. నేను పెన్ను తిప్పడం నేర్చుకునేసరికి పెన్ను తిప్పేవాళ్లను జాలిగా చూసే రోజులు వచ్చేశాయి. క్యూబు కొనిపెట్టమని నాన్నను పోరి పోరి తెప్పించుకున్న వారమే అందరూ క్యూబులు తమ్ముళ్లకు ఇచ్చేశారు. నాన్న బస్సు నడుపుతాడు, అందరూ దిగిపోయాక స్టాపుకు పరిగెత్తుకొచ్చేదానివి నువ్వు అని నవ్వేవాడు. అలాంటి దాన్ని, ఒక ఫ్యాషనుకు మూలపురుషురాలిని అవుతానని ఎవరనుకున్నారు.

మొదట చూసింది అమ్మ. జడ వేస్తూ వేస్తూ చెయ్యి ఆపేసింది, దువ్వెన చెవి పక్కన ఆగిపోయింది, ఏంటమ్మా అంటే ఏం లేదు అంది, కానీ ఆ 'ఏం లేదు'లో ఏదో ఉందని తెలిసింది. చెవి వెనక సీసా మూతంత మేర నున్నగా, మొలకెత్తని నేలలాగా. ఆ తర్వాత దాని పక్కన ఇంకోటి, నడినెత్తిన ఇంకోటి, పొద్దున లేస్తే నాకంటే ఎక్కువ జుట్టు దిండుకే ఉండేది. చర్మం డాక్టరు నెమ్మదస్తురాలు, నా తలను భూతద్దంతో చూసి, నొప్పి పుట్టదు, ఎవరికీ అంటదు, నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు, నీ ఒంట్లో కాపలా కాసేవాళ్లే పొరపాటుపడి నీ జుట్టును శత్రువనుకుంటున్నారు అని చెప్పింది. మళ్లీ వస్తుందా అని అమ్మ అడిగింది. రావచ్చు, రాకపోవచ్చు అంది ఆవిడ. అమ్మ అదే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగింది, ఎప్పటికి వస్తుంది, మందు వాడితే వస్తుందా, ఇలాంటివాళ్లకు వచ్చిందా, ఆవిడ ప్రతిసారీ ఓపికగా అదే జవాబు చెప్పింది. బస్సులో ఇంటికొస్తూ అమ్మ నా చెయ్యి వదల్లేదు, నేను కిటికీలోంచి జుట్టున్నవాళ్లను చూస్తూ కూర్చున్నాను. ఎంతమందికి జుట్టుందో అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు. దాన్ని ఎంత నిర్లక్ష్యంగా మోసుకు తిరుగుతున్నారో కూడా.

స్కార్ఫు అమ్మదే. ఆమె కుట్టుమిషను మీద దుమ్ము పడకుండా కప్పే గుడ్డల్లో అది కాస్త మంచిది. మొదటి రోజు క్లాసులోకి అడుగుపెట్టగానే వార్తలు అని మేం పిలిచే అబ్బాయి, వాడి అసలు పేరు మేష్టర్లు కూడా మరిచిపోయారు, బడిలో ఎక్కడ చీమ చిటుక్కుమన్నా ముందు వాడి నోట వినాలి, వాడు లేచి నిలబడి తలలో పేలు పడ్డాయా అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. అప్పుడు బొంగరం లేచింది. ఒకచోట నిలబడదని దానికి ఆ పేరు, ఒకటో తరగతి నుంచి నా పక్క సీటు, క్లాసు పిల్లల్లో నా సంగతి తెలిసింది దానికొక్కదానికే, జడ విప్పితే నడుం దాటే జుట్టు దానిది, ఆ జుట్టంటే దానికి ప్రాణం. నీకు తెలీదా, ఇప్పుడంతా ఇదే స్టైలు, నీలాంటివాళ్లకు ఆర్నెల్లు ఆలస్యంగా తెలుస్తుందిలే అని వాడి మొహం మీదే అనేసి కూర్చుంది. బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. దాని అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. మర్నాడు అది ఎర్ర స్కార్ఫు కట్టుకొచ్చింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మూడో రోజు ఇంకో ఇద్దరు. వారం తిరిగేసరికి వెనక బెంచీలు మొత్తం. హెడ్మిస్ట్రెస్ ప్రార్థనలో నిలబడి తెలుపో నీలమో అయితే ఫరవాలేదంది, అంతే, గేటు ఎదురుగా పుస్తకాల కొట్టతను పుస్తకాల పైన తీగ కట్టి స్కార్ఫులు వేలాడదీశాడు. ముడి ఎడమపక్క ఉంటే ఒక అర్థం, కుడిపక్క ఉంటే ఒక అర్థం, ఎవరు కనిపెట్టారో తెలియదు కానీ అందరికీ తెలుసు. అబ్బాయిలు మణికట్టుకు కట్టుకోవడం మొదలుపెట్టారు, వార్తలు అందరికంటే పెద్ద ముడి వేసుకున్నాడు. తొమ్మిదో తరగతి పిల్లలు మధ్యాహ్నం విరామంలో నా దగ్గరికి వచ్చి, అక్కా, నీ ముడి జారదెందుకు, మాకూ నేర్పించవా అని అడిగేవాళ్లు. జారితే నా బతుకు బయటపడుతుంది కాబట్టి జారదు తల్లీ అని నేను చెప్పలేను కదా, రెండు మడతలు వేసి లోపలికి దోపమని నేర్పేదాన్ని. అవి నా రాజ్యం ఏలిన రోజులు. గుడ్డ కింద జుట్టు రాలుతూనే ఉంది, అంతమంది తలల మధ్య నా తలను ఎవరూ చూడలేదు. ధైర్యం అవసరం లేకుండా గడిచిపోయింది కాలం. అది బాగుందని ఇప్పుడు కూడా అనగలను, అబద్ధం ఎందుకు.

కానీ ఎత్తు దూకడం, హైజంప్, పోయింది. నాకు వచ్చిన ఆట అదొక్కటే. పరుగెత్తుకెళ్లి, కర్ర దగ్గర వీపు తిప్పి, తల వెనక్కి వాల్చి, ఆ ఒక్క క్షణం ఆకాశం తప్ప ఏమీ కనిపించదు, కిందికి పరుపు మీద పడ్డాక మళ్లీ ప్రపంచం. తల వెనక్కి వాల్చాలంటే స్కార్ఫు ఆగదు. ఎన్ని పిన్నులు పెట్టినా ఆగదు, ఇంట్లో మంచం మీదికి దూకి చూశాను. డ్రిల్లు మాస్టారితో మోకాలు నొప్పి అని చెప్పాను. ఆయన మంచివాడు, మోకాలికి వ్యాయామాలు నేర్పాడు, నేను కుంటుతున్నట్టు నటిస్తూ అవి చేశాను. సాయంత్రాలు మైదానం పక్కనుంచి ఇంటికి వెళుతూ అటు చూసేదాన్ని కాదు, కానీ ఎవరైనా దూకి పరుపు మీద పడితే వచ్చే ఆ చప్పుడు చెవులు మూసుకున్నా వినిపిస్తుంది.

సెలవులయ్యాక ఫ్రింజ్ వచ్చింది. స్కార్ఫులు ఎలా వచ్చాయో అలాగే పోయాయి, ఒకరోజు రెండు తగ్గాయి, ఇంకోరోజు వెనక బెంచీలు ఖాళీ, కొట్టతను తీగ విప్పేశాడు. నా చుట్టూ ఉన్న గోడలు ఒక్కో ఇటుకా ఎవరో పట్టుకుపోతున్నట్టు అనిపించేది. ఇంకా కట్టుకుంటోందేంటి, ఇది పాతబడిపోయింది కదా అని నా వెనక అనుకోవడం వినిపించేది, ఆఖరున చేరేదాన్ని ఇప్పుడు ఆఖరున మిగిలాను. ఫరవాలేదు, బొంగరం ఉంది అనుకున్నాను. పోయిన వారం బొంగరం కూడా వచ్చింది, నుదుటి మీద కొత్తగా కత్తిరించిన జుట్టు, వీపు మీద వదిలేసిన జుట్టు, మొహం వెలిగిపోతోంది. నన్ను చూడగానే ఆ వెలుగు తగ్గింది. నేను మాట్లాడలేదు. ఆ పూటే కాదు, ఆ తర్వాతి రోజుల్లోనూ మాట్లాడలేదు. చివరికి అదే నీళ్ల కుళాయి దగ్గర నన్ను ఆపి, నాకూ చేసుకోవాలనిపించిందే, నీ సంగతి ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు, నిజం చెబుతున్నా అంది. నేను సీసా నింపుకుని వచ్చేశాను. ఇంటికెళ్లి మంచం మీద పడుకుని దాన్ని తిట్టుకుంటూ తిట్టుకుంటూ ఉండగా ఒక సంగతి తట్టింది. అది అన్ని నెలలు ఆ జుట్టును మడిచి, పిన్నులు గుచ్చి, గుడ్డ కింద దాచిపెట్టింది. అద్దంలో చూసుకుని మురిసిపోయే పిల్ల. ఒక్కరోజు కూడా ఇదంతా నీకోసమే అని అనలేదు. ఇంక దాన్ని ఏమని తిట్టను.

మేం ఆనుకున్న గోడ మీదే, మా తలల పైన, పాత బ్యాచీల ఫొటోలు వరసగా ఉన్నాయి. రోజూ వాటి ముందునుంచే నడుస్తాం, ఎవరూ చూడం, ఈ నెలంతా నేను చూశాను. ఒక ఏడాది అబ్బాయిలందరికీ చెవులు కప్పేసే జుట్టు, కాలర్లు పక్షి రెక్కలంత. ఒక ఏడాది అమ్మాయిలందరి నెత్తిమీదా బుట్ట బోర్లించినట్టు ఎత్తుగా దువ్వుకున్న జుట్టు. ఇంకో ఏడాది అందరూ తల ఒకే పక్కకు వంచారు, అది ఆ ఏటి మోజై ఉంటుంది. మొహాలు చూడబోతే ముందు మోజే కనిపిస్తుంది. మా ఫొటో కూడా ఇక్కడే వేలాడుతుంది, ఎప్పుడో ఎవరో చూసి, ఈ ఫ్రింజులేంటి, ఈ సాక్సులేంటి అని నవ్వుకుంటారు, అది సరదాగానే ఉంటుంది. కానీ నేను? నీలం గుడ్డ కట్టుకున్న పిల్ల అంటారు. అది నేను కాదు. లెక్కల టీచరు, ఆవిడే మా క్లాసు టీచరు, ఆవిడకు మొదటినుంచీ తెలుసు, పోయిన శుక్రవారం నన్ను పిలిచి, ఫొటోగ్రాఫరుకు చెప్పి ఉంచాను, నిన్ను స్కార్ఫు తియ్యమనరు, కావాలంటే వెనక వరసలో నిలబడు, రావాలనిపించకపోతే రాకపోయినా నేను చూసుకుంటాను అంది. ఎంత దయగా చెప్పిందో. ఆ దయకు నాకు ఏడుపొచ్చింది, ఏడుపు అయ్యాక కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు. ఎన్ని దారులు పరిచారు నాకు, అన్నీ దాక్కునే దారులే.

నిన్న సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చాక ట్రిమ్మరు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. మిగిలినవి తీసెయ్యి నాన్నా అన్నాను. ఆయన నా మొహం చూశాడు, మారు అడగలేదు, కుర్చీ కిటికీ దగ్గరికి లాగాడు. ఇరుకు సందులో బస్సు తిప్పేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, పెదవి బిగించి, కళ్లు చిన్నవి చేసి, అలాగే చేశాడు, చెవి దగ్గరికి వచ్చినప్పుడు ఊపిరి కూడా తీసుకోలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది, లోపలికి వెళ్లిపోయింది, కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వచ్చింది. తర్వాత తడి తువ్వాలు పట్టుకొచ్చి నా మెడ, చెవుల వెనక, నెత్తి, చంటిపిల్లను తుడిచినట్టు తుడిచింది. నీ తల ఇంత గుండ్రంగా ఉంటుందని పుట్టినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడే అంది. అంటూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. విగ్గు పెద్దమ్మ పార్లరు నుంచి తెచ్చింది, పెట్టుకుని చూస్తే టీవీలో వార్తలు చదివే ఆవిడలా ఉన్నాను, నాన్న వాతావరణ సమాచారం చెప్పమన్నాడు. అమ్మ దాన్ని పెట్టెలో పెట్టి నా బ్యాగులో సర్దింది. పెట్టుకోమని చెప్పను, వద్దనీ చెప్పను, దగ్గర ఉండనీ అంది.

ఏ సెక్షన్ వాళ్లు దిగుతున్నారు. బొంగరం గోడవెంట జరుగుతూ జరుగుతూ వచ్చి నా పక్కన చేరింది. దాని చేతిలో ఎర్ర స్కార్ఫు, ఇస్త్రీ చేసిన మడతలు ఇంకా పోలేదు. తను మాత్రమే కాదట, ఇంకో ముగ్గురిని ఒప్పించిందట, నలుగురూ ఫొటోకు స్కార్ఫులు కట్టుకుంటారట, అప్పుడు నేను ఒంటరిగా కనిపించనట. అదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. దాని నుదుటి మీద ఆ కొత్త కత్తిరింపు దానికి ఎంత బాగుందో ఇప్పుడే సరిగ్గా చూశాను.

"వద్దే," అన్నాను. "నేను తీసేస్తున్నాను."

అది నా నెత్తి వైపు, నా కళ్ల వైపు చూసింది. "అంటే... కింద?"

"కింద ఏం లేదు. నిన్న నాన్న తీసేశాడు."

బొంగరం ఒకచోట కదలకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. తర్వాత గొంతు తగ్గించి, సరే, అయితే నేనూ తీయించుకుంటాను, ఈ సాయంత్రమే అంది. అంటుంటే దాని చెయ్యి దానికి తెలియకుండానే వెనక్కి వెళ్లి జడ చివర పట్టుకుంది.

"నువ్వు చేయించుకుంటే వారంలో క్లాసంతా చేయించుకుంటారు," అన్నాను. "మళ్లీ ఫ్యాషనైపోతుంది. మళ్లీ పోతుంది. నాది పోయేది కాదే. ఈసారి నన్నొక్కదాన్నే ఉండనీ. నువ్వు నీలాగే వచ్చి నా పక్కన నిలబడు, అంతే."

దాని కళ్లు నిండాయి, కానీ తల ఊపింది. ఎర్ర స్కార్ఫును బ్యాగులో కుక్కేసింది.

బీ సెక్షన్ అని పిలిచారు. అందరూ లేచారు, దుమ్ము దులుపుకున్నారు, అద్దం ఆఖరిసారి చేతులు మారింది. నేను వరండా మెట్ల దగ్గర ఆగి ముడి విప్పాను. జారని ముడి కదా, రెండు చేతులూ కావలసి వచ్చాయి. గుడ్డ తల మీదినుంచి జారినప్పుడు ఎండ తగిలింది, ఇన్ని నెలల తర్వాత నెత్తి మీద ఎండ, వెచ్చగా, సూటిగా, నాకు అదొక్కటే తెలిసింది కాసేపు. ముందు నడుస్తున్నవాళ్లు వెనక్కి తిరిగారు, వెనక వస్తున్నవాళ్లు ఆగారు. ఎవరో అయ్యో అన్నారు. ఆ అయ్యో కోసం నేను ఎన్నాళ్లు భయపడ్డానో, తీరా వస్తే అది ఒక చిన్న మాట, వచ్చింది, వెళ్లిపోయింది. వార్తలు నోరు తెరిచాడు, నేను వాడినే చూశాను, అడుగు అన్నట్టు చూశాను. వాడు నొప్పిగా ఉంటుందా అని అడిగాడు. లేదన్నాను. మళ్లీ వస్తుందా అన్నాడు. తెలీదన్నాను. నా నోటితో నేనే చెప్పేశాక వాడు మోసుకెళ్లడానికి వార్త ఏం మిగిలింది.

డ్రిల్లు మాస్టారు ఎత్తుల ప్రకారం నిలబెడుతూ నా దగ్గరికి వచ్చి ఆగాడు. నేనే ముందు మాట్లాడాను.

"సార్, రేపటి నుంచి ప్రాక్టీసుకు వస్తాను."

"మోకాలో?"

"మోకాలికి ఎప్పుడూ ఏం కాలేదు సార్."

ఆయన నా తల చూశాడు, నా మోకాలు చూశాడు, ఏదో అర్థమైనట్టు గడ్డం రుద్దుకున్నాడు. పొద్దున్నే రా, ఆలస్యమైతే మైదానం చుట్టూ పరిగెత్తిస్తాను అని మామూలుగా అన్నాడు. ఆ మామూలు గొంతుకు ఆయన కాళ్లు పట్టుకోవాలనిపించింది. వెనక వరసలో నిలబడతావా అని లెక్కల టీచరు కళ్లతో అడిగింది, నేను తల అడ్డంగా ఊపి రెండో వరసలో నా ఎత్తుకు తగ్గ చోటుకు వెళ్లాను, బొంగరం నా ఎడమపక్కకు వచ్చి నిలబడింది. దాని భుజం నా భుజానికి తగులుతోంది. ఫొటోగ్రాఫరు మూడుకాళ్ల స్టాండు వెనక వంగి, నవ్వండి, కళ్లు ఆర్పకండి, ఇటు చూడండి అన్నాడు, వేలు పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే మైదానం అవతలి నుంచి గాలి లేచింది. పొద్దుటినుంచీ దువ్వి, తడిపి, అతికించిన ఫ్రింజులన్నీ ఒక్కసారి పైకి లేచి అన్ని దిక్కులకూ విరబోసుకున్నాయి, బొంగరం జుట్టు దాని మొహాన్నే కప్పేసింది, అబ్బాయిలు కూడా నెత్తి పట్టుకున్నారు, చేతులన్నీ తలల మీదికి వెళ్లాయి. నేను కదల్లేదు. నవ్వు వస్తోంది, ఆపుకోలేదు. కెమెరా క్లిక్కుమంది.